తాళం ఇచ్చే ముందు

(మండల రైతు శిక్షణ తరగతిలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం. తరగతికి రాలేకపోయిన సభ్యుల కోరికపై ఇక్కడ ప్రచురిస్తున్నాం.)



మద్దతు ధర గురించో, కౌలు కార్డుల గురించో, పంట నష్టపరిహారం గురించో మాట్లాడతామని మీరు వచ్చి ఉంటారు. ఆ విషయాలు మధ్యాహ్నం ఉన్నాయి. ఈ గంటసేపు మాత్రం చిన్న విషయం మాట్లాడుకుందాం. మన ఇళ్లలో గోడకు మేకు కొట్టి తగిలించిన ట్రాక్టర్ తాళం గురించి. ఆ తాళం ఎవరి చేతికి వెళుతోంది, వెళ్లాక ఏమవుతోంది అన్నదాని గురించి.

ఇది ఇంకొకళ్లకు నీతులు చెప్పడం కాదు. తప్పు చేసింది మేము. చేసిన తప్పు చెప్పుకోకపోతే ఇంకో ఊళ్లో అదే జరుగుతుందని ఇక్కడ నిలబడ్డాం.

మా ఊళ్లో జరిగింది

సంఘంలో పదకొండుమందిమి కలిసి ఉమ్మడిగా ఒక ట్రాక్టర్ కొన్నాం. అందరం రెండు మూడెకరాల వాళ్లం, నలుగురు పూర్తిగా కౌలుదార్లు. ఒక్కొక్కళ్లం కొనలేం కాబట్టి కలిసి అప్పు తెచ్చాం. 45 హెచ్‌పీ బండి, దానికో ట్రక్కు, రోటావేటర్. బయటి బండికి గంటకింత అని కట్టే బాడుగ మిగులుతుందని ఆశ. నిజంగానే మిగిలింది. మొదటి రెండేళ్లు దమ్ములు, దుక్కులు, ధాన్యం తోలకాలు అన్నీ దానితోనే.

డ్రైవర్‌ని పెట్టుకున్నాం. కానీ తాళం సంఘం గదిలో మేకుకే ఉండేది. ఎవరికి పనిబడితే వాళ్లు తీసుకెళ్లేవాళ్లు. మా పదకొండుమందిలో లైసెన్సు ఉన్నది ముగ్గురికి. మిగతా వాళ్లం నడపడం మానామా? మానలేదు. పొలంలో తోలుకునేదానికి లైసెన్సెందుకు అనుకున్నాం. మా పిల్లలు నడిపినా ఏమీ అనలేదు, పైగా ముచ్చటపడ్డాం. "మావాడు పదో తరగతిలోనే ట్రాక్టర్ తోలేస్తున్నాడు" అని చెప్పుకున్న వాళ్లు మాలో ఉన్నారు.

సంక్రాంతి ముందు, డ్రైవర్ పండక్కి ఊరెళ్లాడు. సాయంత్రం మబ్బు పట్టింది. కల్లంలో ఒక సభ్యుడి వడ్ల బస్తాలున్నాయి. వాన పడితే తడిసిపోతాయి. ఆయన మేనల్లుడు, పంతొమ్మిదేళ్ల కుర్రాడు, గదికి వచ్చాడు. "బాబాయ్, తాళం ఇవ్వండి. అరగంటలో బస్తాలు తోలేసి తెచ్చిస్తా" అన్నాడు. వాడికి మోటార్ సైకిల్ లైసెన్సు ఉంది. ట్రాక్టర్ తోలడం మేమంతా చూశాం. "జాగ్రత్తరా అబ్బాయ్" అని ఇచ్చాం. మా శిక్షణ, మా తనిఖీ, మా హెచ్చరిక అన్నీ ఆ రెండు మాటలే.

బస్తాలు ఎక్కించారు. పొలం గండి దగ్గర వెనక చక్రాలు దిగబడ్డాయి. వాన మొదలైంది. పక్కనున్న పెద్దవాళ్లే సలహా చెప్పారు: తుమ్మ మొద్దు తెచ్చి వెనక చక్రాల ముందు అడ్డంగా పెట్టి గొలుసుతో చక్రాలకు కట్టమని. మనందరం చేసిన పనే, మనందరం చూసిన పనే. కుర్రాడు మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ పెంచి, క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. చక్రాలు కదల్లేదు. బండి ముందు భాగం లేచింది. పక్కన నిలబడ్డ వాళ్లకు "ఏయ్" అనేంత వ్యవధి కూడా దొరకలేదు. స్టీరింగ్‌కీ నేలకీ మధ్య వాడు ఉండిపోయాడు.

తాళం మాలో ఎవరి చేతిలోంచి వెళ్లిందో పేరు చెప్పం. ఇచ్చింది మేమే, పదకొండుమందిమీ.

దినాలు అయ్యాక వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మమ్మల్ని తిట్టలేదు. "అన్నా, దిగబడితే ఏం చెయ్యాలో మావాడికి మీరెవరైనా నేర్పారా?" అని అడిగింది. మాకు నోట మాట రాలేదు.

ఎద్దు ఆగుతుంది, ట్రాక్టర్ ఆగదు

మనం బదులిచ్చుకునే అలవాటున్న వాళ్లం. ఎద్దులు, బండి, గొర్రు, గుంటక, చివరికి విత్తనాలు కూడా ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే బతికాం. ఆ అలవాటు మంచిది. చిన్న రైతు నిలబడింది దానిమీదే. తాళం ఇవ్వవద్దని మేం అనడం లేదు. ఎద్దులను అరువిచ్చిన పద్ధతిలో ట్రాక్టర్‌ను అరువివ్వలేం అంటున్నాం.

గుర్తు చేసుకోండి. మన తాతలు ఎద్దుల జత అరువిచ్చేటప్పుడు ఊరికే ఇచ్చేవాళ్లు కాదు. "ఎలపటది నీళ్లు చూస్తే బెదురుతుంది, దాపటిదాన్ని ముల్లుకర్రతో పొడవకు" అని గుణం చెప్పి ఇచ్చేవాళ్లు. కొత్త మనిషైతే మొదటి చాలు దగ్గరుండి తోలించేవాళ్లు. ఎద్దుకు కూడా ప్రాణభయం ఉంటుంది. బావి గట్టు దగ్గర తోలేవాడు నిద్రపోయినా అది ఆగుతుంది. దిగబడితే మొరాయిస్తుంది. తాగినవాడు బండెక్కినా ఇంటికి తీసుకొస్తుంది.

ట్రాక్టర్‌కు భయం లేదు. గేరులో పెడితే బావిలోకైనా పోతుంది. రెండెద్దులకు గుణం చెప్పి ఇచ్చిన మనం, నలభై యాభై గుర్రాల బలమున్న దాన్ని ఒక్క మాట చెప్పకుండా ఇచ్చేస్తున్నాం.

బండి ఎందుకు బోల్తా పడుతుంది

నడపడం వచ్చినవాడికీ, బండి గుణం తెలిసినవాడికీ తేడా ఉంది. ముందుకు పోనివ్వడం పదిహేను నిమిషాల్లో వస్తుంది. ఏం చేస్తే తిరగబడుతుందో తెలియడమే అసలు విద్య. అందులో ముఖ్యమైనవి చెబుతాం. తాళం ఇచ్చే ప్రతిసారీ ఇవి ఇచ్చేవాడికీ, పుచ్చుకునేవాడికీ తెలిసి ఉండాలి.

ఒకటి, వెనక్కి తిరగబడటం. ఇంజను బలం వెనక ఇరుసుకు వెళ్లి చక్రాలను తిప్పుతుంది. చక్రాలు తిరగడానికి వీల్లేకుండా మొద్దు కడితే, లేదా అవి బురదలో బిగుసుకుపోతే, అదే బలం చక్రాల చుట్టూ బండినే పైకి తిప్పుతుంది. ముందు భాగం లేస్తుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. చూసి, అర్థం చేసుకుని, క్లచ్ తొక్కే లోపలే అది తిరిగిపోతుంది. కాబట్టి మొద్దు కట్టవద్దు. దిగబడితే మొదట ట్రక్కు పిన్ను తీసి బరువు వదిలించండి. చక్రాల ముందు తవ్వండి. వెనక్కి రానిచ్చి చూడండి. కాకపోతే ఇంకో బండి తెచ్చి లాగించండి. లాగే గొలుసు ఎప్పుడూ కింద ఉన్న డ్రాబార్‌కే కట్టాలి. ఇరుసుకుగాని, పైలింకు దగ్గరగాని కడితే లాగే బండి కూడా లేస్తుంది. గొలుసు తెగితే ఎగిరి కొడుతుంది, దగ్గర మనుషులు ఉండకూడదు.

రెండు, పక్కకు పడటం. ట్రాక్టర్ ఎత్తుగా ఉంటుంది, బరువు పైన ఉంటుంది. మలుపులో వేగం రెట్టింపు చేస్తే బండిని పక్కకు తోసే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పది కిలోమీటర్ల వేగంతో తిరిగిన మలుపు ఇరవైతో తిరగదు. కాలువ గట్టున వెళ్లేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి: కాలువ ఎంత లోతుందో కనీసం అంత దూరం అంచుకు ఇవతల ఉండాలి. ఆరడుగుల లోతుంటే ఆరడుగులు ఇవతల. వాన పడ్డ గట్టు పైకి గట్టిగా కనబడుతుంది, లోపల నానిపోయి ఉంటుంది.

మూడు, బ్రేకులు. ట్రాక్టర్‌కు కుడి చక్రానికో బ్రేకు, ఎడమ చక్రానికో బ్రేకు ఉంటాయి. పొలంలో మూల తిప్పుకోవడానికి విడిగా తొక్కుతాం. రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కలిపే గొళ్లెం వేయాలి. వేయకుండా వేగంలో ఒక్క బ్రేకు తొక్కితే బండి అటుపక్కకు గిరుక్కున తిరిగి పడిపోతుంది. కారు నడిపినవాడికి, మోటార్ సైకిల్ నడిపినవాడికి ఈ సంగతి తెలియదు. అరువు తీసుకునేవాళ్లు ఎక్కువగా వాళ్లే.

నాలుగు, ట్రక్కు. మన ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులు లేవు. వెనక నాలుగైదు టన్నులుంటే ట్రాక్టర్ ఆగుతుంది గానీ ట్రక్కు ఆగదు. వెనకనుంచి తోసి బండిని అడ్డం తిప్పుతుంది. పల్లంలో డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ వేసే అలవాటు మానాలి. ఎక్కడానికి ఏ గేరు వాడామో దిగడానికీ అదే గేరు వాడాలి.

అయిదు, పీటీఓ. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. తువ్వాలు కొసో, చీర చెంగో, చున్నీయో తగిలితే లాక్కోవడానికి టైము లేదు. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు విరిగిపోతే "పనికి అడ్డం" అని తీసి పారేసిన వాళ్లం మనమే. తొడుగు లేని బండిని అరువివ్వకండి. ఇంజను ఆపకుండా రోటావేటర్‌లో ఇరుక్కున్న గడ్డి తీయనివ్వకండి.

ఆరు, పక్కన కూర్చునేవాళ్లు. ట్రాక్టర్‌కు ఉన్నది ఒక్కటే సీటు. మడ్‌గార్డు మీద కూర్చున్న పిల్లాడు గతుకులో జారితే పడేది వెనక చక్రం కిందే. తాళం ఒకరికే ఇస్తాం, కానీ ముగ్గురు ఎక్కి వెళతారు. "ఒక్కడివే ఎక్కు" అని చెప్పి ఇవ్వాలి.

కరెంటు బండ్లు వస్తున్నాయి

ఇప్పుడు మన ఊళ్లకు బ్యాటరీ బండ్లు వస్తున్నాయి. కూరగాయలు మార్కెట్‌కు వేసుకెళ్లే కరెంటు ట్రాలీ ఆటోలు, చిన్న కరెంటు ట్రక్కులు మన సభ్యులే కొంటున్నారు. కరెంటు ట్రాక్టర్లూ మార్కెట్లోకి దిగాయి. డీజిల్ ఖర్చు తప్పుతుంది కాబట్టి మంచిదే. అయితే ఇవి ఇంకొకరి చేతికివ్వడం డీజిల్ బండి ఇచ్చినట్టు కాదు.

డీజిల్ ఇంజను బలం మెల్లగా పెరుగుతుంది. కరెంటు మోటారు కదలకముందే పూర్తి బలం ఇస్తుంది. చాలావాటికి క్లచ్ ఉండదు, మార్చే గేర్లు ఉండవు. డీజిల్ బండిని తెలియనివాడు కదిలిస్తే ఆగిపోతుంది, అదే ఒక రకమైన కాపలా. కరెంటు బండికి ఆ కాపలా లేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు తొక్కినా దూకుతుంది. ఖాళీ బండైతే మరీ.

శబ్దం ఉండదు. ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో వినబడదు. ఆగి ఉందనుకుని హ్యాండిల్ పట్టుకుని దిగబోతే, పట్టుకున్నది యాక్సిలరేటర్ పిడి అయితే, బండి దిగేవాడిని ఈడ్చుకుపోతుంది. అందుకే సీటు దిగే ముందు తాళం తీయడం అలవాటు కావాలి. ముందు మేకలున్నా, పిల్లలున్నా శబ్దం వినబడక తప్పుకోరన్నది కూడా గుర్తుండాలి.

కాలు తీయగానే కొన్ని బండ్లు వాటంతటవే వేగం తగ్గించుకుని ఆ శక్తిని బ్యాటరీకి పంపుతాయి. దానికి అలవాటుపడ్డవాడు బ్రేకు తొక్కడం మరిచిపోతాడు. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు ఆ పట్టు తగ్గవచ్చు. పొద్దున్నే నిండు చార్జింగుతో పల్లం దిగితే బండి జారినట్టనిపిస్తుంది. కొత్తవాడు కంగారుపడేది అక్కడే. ఇక మూడు చక్రాల బండి ముందు ఒక్క చక్రమే కాబట్టి, మలుపులో బ్రేకు తొక్కితే పక్కకు ఒరుగుతుంది. ఈ బండ్లలో వేగం తగ్గించి నడిపే మోడ్ ఉంటే, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ మోడ్‌లో పెట్టి ఇవ్వండి. మొదట ఖాళీ స్థలంలో పది నిమిషాలు మీ పక్కన నడిపించి చూడండి.

చట్టం ఏమంటుంది

మా బండి కేసులో తిరిగాక నేర్చుకున్నది చెబుతున్నాం. ముందే తెలిసి ఉంటే బాగుండేది.

1988 మోటారు వాహనాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివాడి చేతికి, వయసు రానివాడి చేతికి బండి ఇవ్వడం యజమాని చేసిన తప్పు. నడిపినవాడి తప్పు వేరు, ఇచ్చినవాడి తప్పు వేరు. ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019లో చట్టం సవరించి 199ఏ చేర్చారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు నడిపి నేరం జరిగితే తండ్రినో, బండి యజమానినో దోషిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పదో తరగతి పిల్లవాడి చేత ట్రాక్టర్ తోలించి మురిసిపోయే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఇక ఇన్సూరెన్స్. "కడుతున్నాం కదా" అని ధైర్యంగా ఉంటాం. మూడు సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది. తప్పనిసరిగా కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బయటివాళ్ల కోసం. లైసెన్సు లేనివాడికని తెలిసీ మనమే బండి ఇస్తే పాలసీ షరతు తప్పినట్టే. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ప్రకారం, బాధితులకు ముందు కంపెనీ చెల్లించినా, తర్వాత ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. అంటే అది మన పొలం మీదికి వచ్చే అప్పు.

రెండోది. అరువు తీసుకున్నవాడే చనిపోతే? 2009లో నింగమ్మ కేసు ఉంది. కర్ణాటకలో ఒకాయన వేరేవాళ్ల మోటార్ సైకిల్ అడిగి తీసుకెళుతూ, ముందు ఆగిన ఎడ్లబండిని గుద్దుకుని చనిపోయాడు. అరువు తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టేనని, తప్పెవరిదని చూడకుండా అప్పట్లో పరిహారమిచ్చిన 163ఏ సెక్షన్ కింద అతని కుటుంబానికి పరిహారం రాదని సుప్రీంకోర్టు చెప్పింది. పాలసీతోపాటు వచ్చే 15 లక్షల ప్రమాద బీమా సొంతదారు తానే నడిపినప్పటికే గానీ అరువు డ్రైవర్‌కు కాదు. మా కుర్రాడి తల్లికి ఏమీ రాకపోవడానికి కారణం ఇదే. మేము పదకొండుమందిమి పోగుచేసి ఇచ్చింది మా మనసు కోసం, ఆవిడకు జరిగిన నష్టానికి అది ఏపాటి?

మూడోది. అమ్మేసిన బండి. కాగితం మీద సంతకాలు చేసుకుని బండి ఇచ్చేస్తాం, ఆర్టీఏ ఆఫీసులో పేరు మార్పించం. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మిన ట్రాక్టర్ ఎక్కడో గుద్దితే నోటీసు మన ఇంటికొస్తుంది. ఇక వ్యవసాయానికని రిజిస్టర్ చేసిన బండికి ఇసుక, ఇటుక బాడుగలు వేస్తే కంపెనీకి ఇంకో సాకు మనమే ఇచ్చినట్టు.

కూలీల ప్రాణాలు

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏపల్లి మండలంలో మిరప కోతకు వెళుతున్న కూలీల ట్రాక్టర్ కాలువలో పడింది. రెండు నెలలకే యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో పొలం పనికి వెళుతున్న కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడింది. 2020 మేలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. పొద్దున సద్దన్నం మూట కట్టుకుని బయల్దేరినవాళ్లు.

వాళ్లు ట్రక్కు ఎక్కింది సరదాకు కాదు. ఆ వేళకు, ఆ ఊరికి బస్సు లేదు. ఆటో కడితే కూలి డబ్బులో కోత పడుతుంది. రైతుకూ అది గిట్టుబాటు కాదు. ఇదంతా మాకు తెలుసు. కానీ ట్రక్కు సరుకు కోసం చేసింది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తిరగబడితే అందరూ దాని కిందే. ట్రక్కులో ఎక్కిన కూలీలకు మన పాలసీ వర్తించదని కంపెనీలు వాదిస్తాయి, కోర్టుల్లో ఆ వాదన నిలబడుతుంది కూడా. మన పొలంలో పనిచేయడానికి వచ్చిన అక్కల ప్రాణాలకు పూచీ లేని చోట వాళ్లను ఎక్కించడం రైతు సంఘం అని చెప్పుకునే మనకు తగదు.

కాదనడం ఎలా?

కష్టమంతా ఇక్కడే ఉందని మాకు తెలుసు. బావమరిది కొడుకు అడిగితే కాదనగలమా? రేపు పిల్ల పెళ్లికి ఎదురుపడాలి కదా. "అరువు సొమ్ము బరువు చేటు" అని సామెత ఉన్నా, అరువడిగినవాడిని కాదంటే ఊళ్లో మాట పడతాం.

మేము ఒక దారి పట్టాం. కాదనే బరువు మనిషి మీద కాకుండా పద్ధతి మీద పెట్టాం. "నేనివ్వను" అనక్కర్లేదు. "సంఘం రూలు బాబూ, నా కొడుక్కైనా ఇంతే" అంటే చాలు. ఆ రూళ్లు ఇవి.

1. తాళం మేకుకు ఉండదు. ఒక మనిషి దగ్గర, పెట్టెలో ఉంటుంది. తీసుకున్నవాడు పుస్తకంలో పేరు, టైము, పని రాసి సంతకం పెట్టాలి.

2. లైసెన్సు చూశాకే తాళం. మోటార్ సైకిల్ లైసెన్సు ట్రాక్టర్‌కు చెల్లదు. ప్రతి సభ్యుడి లైసెన్సు నకలు పుస్తకంలో అంటించి ఉంటుంది.

3. లైసెన్సు లేనివాడికి బండి కావాలంటే బండితోపాటు డ్రైవర్ వెళతాడు. డ్రైవర్ కూలి, డీజిల్ ఆయన పెట్టుకోవాలి. బండి ఇచ్చినట్టూ ఉంటుంది, తాళం ఇవ్వనట్టూ ఉంటుంది.

4. లైసెన్సు ఉన్నా మొదటిసారి తీసుకునేవాడు మాలో ఒకరిని పక్కన నిలబెట్టుకుని పొలంలో అరగంట నడిపి చూపించాలి. బ్రేకు గొళ్లెం, పీటీఓ ఆపడం, దిగబడితే ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

5. తాగినవాడికి లేదు. చీకటి పడ్డాక కాలువ గట్టు మీదికి లేదు. ట్రక్కు వెనక రిఫ్లెక్టర్లు, లైటు లేకుండా రోడ్డెక్కడం లేదు.

6. ట్రక్కులో కూలీలను ఎక్కించడం లేదు. ఆటో బాడుగలో సగం రైతు, సగం సంఘం నిధి భరిస్తాయి.

7. దిగబడితే మాకు ఫోన్ చేయాలి. బస్తాలు తడిస్తే తడవనివ్వండి.

ఈ ఏడో రూలు చదివినప్పుడు మాలో ఎవరూ కాసేపు మాట్లాడలేకపోయాం. ఆ సాయంత్రం ఆ మాటొక్కటి అని ఉంటే!

మొదట్లో సణుగుడు వచ్చింది. "వీళ్లు ఆర్టీఏ ఆఫీసు పెట్టారు" అని ఎగతాళి చేశారు. ఒక బంధువు మా సభ్యుడితో ఏడాదిపాటు మాట్లాడలేదు. తర్వాత ఆయనే వచ్చి లైసెన్సు ఎలా తీసుకోవాలని అడిగాడు. పదకొండుమందిలో ముగ్గురికే ఉన్న లైసెన్సు ఇవాళ తొమ్మిదిమందికి ఉంది.

మన డిమాండ్లు

తప్పంతా మనదే అని తల వంచుకుని ఊరుకోమని చెప్పడం లేదు. ట్రాక్టర్ అమ్మేటప్పుడు షోరూములో కొబ్బరికాయ కొట్టిస్తారు, అప్పు కాగితాల మీద ఇరవై సంతకాలు చేయిస్తారు. ఏం చేస్తే తిరగబడుతుందో చెప్పే గంట శిక్షణ ఇవ్వరు. యాంత్రీకరణ పేరుతో ప్రభుత్వాలు సబ్సిడీ ఇస్తున్నాయి, యంత్రంతోపాటు రావాల్సిన విద్యను మరిచిపోతున్నాయి.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా కేంద్రం ఉంది. మంచి సంస్థే. కానీ శ్రీకాకుళం రైతో, ఆదిలాబాద్ రైతో అక్కడికి వెళ్లి రాగలడా? ఆ శిక్షణ మండలానికి రావాలి. ట్రాక్టర్ లైసెన్సు మేళాలు పంటల విరామంలో మండల కేంద్రాల్లోనే పెట్టాలి. సీటు వెనక బండి తిరగబడినా మనిషిని కాపాడే ఉక్కు చట్రం, బెల్టు ఉంటాయి. స్వీడన్‌లో 1959లోనే కొత్త ట్రాక్టర్లకు అది తప్పనిసరి చేస్తే బోల్తా చావులు బాగా తగ్గిపోయాయి. మన దగ్గర పాత ట్రాక్టర్లలో చాలావాటికి అది లేదు. రోటావేటర్‌కు ఇచ్చినట్టే ఆ చట్రానికీ సబ్సిడీ ఇవ్వాలి. ట్రక్కులకు బ్రేకులు పెట్టించాలి. అరువు డ్రైవర్‌కు, కూలీలకు వర్తించే చవక పాలసీ తేవాలి. నాట్లు, కోతల నెలల్లో కూలీల ఊళ్లకు పొద్దున ఆర్టీసీ బస్సు నడపాలి. ఈ డిమాండ్లతో తహసీల్దారుకు, ఆర్టీఏ అధికారులకు వినతిపత్రం ఇస్తున్నాం. మీ సంతకాలు కావాలి.

వినతిపత్రానికి జవాబు వచ్చేదాకా ఆగకండి. ఇవాళ ఇంటికెళ్లగానే రెండు పనులు చేయండి. మేకు మీద తాళం తీసి పెట్టెలో పెట్టండి. తర్వాత మీ బండి ఇప్పటిదాకా ఎవరెవరు నడిపారో ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్క పేరు ఎదుట రాయండి: లైసెన్సు ఉందా, దిగబడితే ఏం చేయాలో తెలుసా. తెలియదని రాయాల్సిన పేరు ఒక్కటి ఉన్నా, ఆ మనిషిని రేపు పొద్దున పొలానికి పిలిచి నేర్పండి.